ఆ ‘మ’ దగ్గర పెదాలు కలవలేదు

(కొత్త విద్యార్థుల స్వాగత సభలో ఒక చివరి సంవత్సరం విద్యార్థి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

వేదిక మీదున్న విభాగాధిపతి గారికి, మా మాస్టార్లకి, మేడమ్‌లకి, పొద్దున్నుంచి కుర్చీలు మోస్తున్న రెండో సంవత్సరం తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి, కొత్తగా చేరిన మీ అందరికీ నమస్కారం. ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్న మన అన్నకి ఇంకో నమస్కారం. మూడేళ్ళుగా మేం తీసిన ప్రతి ముక్కనీ ముందు చూసింది ఆయనే. బాగుంటే బాగుందనేవారు. బాగోకపోతే ‘పదండి, టీ తాగి మాట్లాడుకుందాం’ అనేవారు. ఆ టీల దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. క్యాంటీన్ వాళ్ళకి, మా కెమెరా బ్యాటరీలు రాత్రంతా చార్జింగ్ పెట్టనిచ్చిన వాచ్‌మన్ తాతకి కూడా థాంక్స్ చెప్పాలి. ఈ మాటలు తర్వాత చెబుదామనుకుంటే మర్చిపోతాను, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

నాకిచ్చిన అంశం ‘మ్యూజిక్ వీడియో నిర్మాణంలో దశలు’. టైము ఇరవై నిమిషాలు. దశలన్నీ వరసగా కాగితం మీద రాసుకొచ్చాను. కథ అనుకోవడం, స్టోరీబోర్డు, లొకేషన్లు, షూటింగ్, ఎడిటింగ్, కలర్ అంటే చివర్లో బొమ్మ రంగులు సరిచేయడం. అన్నీ చెప్పడానికే ప్రయత్నిస్తాను.

పోయిన సంవత్సరం ప్రాజెక్టుగా మేం ఒక తెలుగు పాప్ రాక్ పాటకి వీడియో తీశాం. పాట కూడా మాదే. నిడివి 3 నిమిషాల 40 సెకన్లు. బ్యాండులో నలుగురు: పాడే అమ్మాయి, గిటారు, బేస్ గిటారు, డ్రమ్స్. దర్శకత్వం, ఎడిటింగ్ నావి. అందరం కలిసి వేసుకున్న డబ్బు 18,500 రూపాయలు. పాట రాసింది, పాడింది ఆ అమ్మాయే. ఊరు శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర. సభలో తన పేరు చెప్పొద్దని అడిగింది కాబట్టి ‘మా గాయని’ అనే అంటాను. నాది విజయవాడ. ఎవరిది ఏ ఊరన్నది ఇప్పుడెందుకు అనుకోకండి, కాసేపట్లో ఈ కథంతా దాని మీదకే వస్తుంది.

ముందు పాట రికార్డు చేసుకున్నాం. స్టూడియో అంటే మా గిటారిస్టు పడకగదే. గోడలకి బొంతలు, తలుపుకి పరుపు. మ్యూజిక్ వీడియోలో పాట ముందు పుడుతుంది, బొమ్మ తర్వాత వస్తుంది. షూటింగులో పాట పెద్దగా వేస్తారు, గాయని దానికి పెదాలు కలుపుతుంది. మన సినిమా పాటలు తీసేదీ ఇలాగే. పాత సెట్లలో నాగ్రా అనే టేప్ రికార్డర్ మీద పాట వేసేవాళ్ళు. ఇప్పుడు ఫోను, ఒక స్పీకరు చాలు. పని మాత్రం అదే.

పాశ్చాత్య దేశాల్లో దీనికి వేరే చరిత్ర ఉంది. 1975లో క్వీన్ అనే బ్రిటిష్ బ్యాండు ఒక పొడుగాటి పాట చేసింది. టీవీ కార్యక్రమానికి వెళ్ళి ఆ పాటకి ఊరికే పెదాలు కదపడం కష్టమని, ముందే ఒక వీడియో తీసి ఇచ్చేశారు. కొన్ని గంటల్లో తీసిన వీడియో అది. పాటకి వీడియో ఉండాల్సిందే అనే పద్ధతి బలపడటానికి అదొక పెద్ద కారణం. తర్వాత 1981 ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోలు వేసే ఎంటీవీ అనే ఛానల్ మొదలైంది. క్వీన్‌లో పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్సీ కుటుంబంలో పుట్టినవాడు. చదువుకున్నది మన మహారాష్ట్రలోని పంచగనిలో. అక్కడే స్కూల్లో స్నేహితులతో బ్యాండు కట్టి పియానో వాయించాడు. నేనిది చదివిన రోజు మా గాయనికి ఫోన్ చేసి చెప్పాను. ‘అయితే రాక్ మనకి పరాయిది కాదన్నమాట’ అంది. ఆ మాట తను ఎందుకంత గట్టిగా పట్టుకుందో నాకు అప్పుడు తెలియలేదు.

సరే, షూటింగు. లొకేషన్ భీమిలి తీరం, గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు. పాట విడిపోవడం గురించి. చెప్పకుండా పట్నం వెళ్ళిపోయిన స్నేహితురాలి గురించి. నేను గీసిన స్టోరీబోర్డులో చివరి షాటు ఇది: గాయని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంటుంది, వెనకాల సముద్రంలో సూర్యుడు మునుగుతుంటాడు. ఎన్నో విదేశీ వీడియోల్లో చూశాను ఆ బొమ్మ. సముద్రం మీద సూర్యాస్తమయం. గీసి, రంగులు కూడా వేశాను.

లొకేషన్ చూడటానికి వెళ్ళినప్పుడు ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయనకి ఆ బొమ్మ చూపించి, సూర్యుడు సరిగ్గా ఎక్కడ మునుగుతాడు తాతా అని అడిగాను. ఆయన బొమ్మ చూశాడు, నన్ను చూశాడు. ‘ఈ సముద్రంలో సూరీడు పుడతాడు గానీ మునగడు బాబూ’ అన్నాడు.

మనది తూర్పు తీరం. సూర్యుడు కుంగేది మన వెనక, కొండల మీద. ఐదో తరగతి పిల్లలకి తెలిసిన సంగతి. మూడేళ్ళు ఈ ఊళ్ళో ఉండి, వందసార్లు బీచ్‌కి వెళ్ళి, గీసేటప్పుడు మాత్రం నేను ఇంకెవరి సముద్రాన్నో గీశాను.

అప్పుడైనా షాటు మార్చుకోవాలి కదా, మార్చలేదు. తెల్లవారుజామున సూర్యోదయం తీసి, ఎడిటింగులో వెనక్కి తిప్పితే సూర్యాస్తమయం అవుతుందనుకున్నాను. తీశాం. తిప్పాం. సూర్యుడు చక్కగా కిందికి దిగాడు. కానీ కెరటాలు ఒడ్డు నుంచి లేచి సముద్రంలోకి వెనక్కి పాకుతున్నాయి. నురగ ఇసకలోంచి ఊడి వచ్చి కెరటం అంచుకి అతుక్కుంటోంది. ఒక కాకి వెనక్కి ఎగురుతోంది. నేను దాన్ని పదిసార్లు చూసి పక్కన పెట్టేశాను. పాటలో చివరి చరణం మార్చి, ఆ రాత్రంతా మేలుకున్న అమ్మాయికి తెల్లవారినట్టు రాసింది మా గాయని. అది ముందున్నదానికంటే ఎంతో బాగుంది. సూర్యుణ్ణి సూర్యుడి దారిన వదిలేశాం.

డ్రోన్ షాట్లు కావాలని మా కెమెరా మిత్రుడికి కోరిక. విశాఖ తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రం. ఇక్కడ అనుమతులు లేకుండా డ్రోన్ లేపకూడదు. మీరెవరూ ఆ సాహసం చేయకండి. మేం ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, వెనక తలుపు దించి, అందులో కెమెరా పెట్టుకుని చేపల రేవు వెంట నెమ్మదిగా నడిపించాం. గాయని ఆటో వెనక నడుస్తూ పాడుతుంది. ఎంత బాగా వచ్చిందో ఆ షాటు! ఇరవై రెండు సెకన్లు, కట్ లేకుండా. రెండు పక్కలా బుట్టలు, మంచు గడ్డలు, తడి నేల మీద ఆకాశం. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

మొదటి సంవత్సరం వాళ్ళకి ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి, ఇది మీకు తప్పకుండా పనికొస్తుంది. మనం సెకనుకి 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు తీస్తాం. అంటే ఒక్కో ఫ్రేముకి 40 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. 40 మిల్లీసెకన్లలో దాదాపు 13, 14 మీటర్లు. మా స్పీకరు తడవకూడదని ఒడ్డు పైన, గట్టు మీద పెట్టాం. గాయని నీళ్ళలో ఉంది. మధ్యలో దగ్గరదగ్గర ముప్పై మీటర్లు. అంటే పాట తనకి రెండు ఫ్రేములు ఆలస్యంగా వినిపిస్తోంది, తన పెదాలూ రెండు ఫ్రేములు ఆలస్యంగానే కదులుతున్నాయి. మా కెమెరాకి స్పీకరు శబ్దం సరిగా అందలేదు. గాలి, కెరటాల హోరు. ఎడిటింగులో ప్రతి షాటునీ రెండేసి ఫ్రేములు ముందుకి జరపాల్సి వచ్చింది. రెండు ఫ్రేములంటే మీకు చిన్నగా అనిపించొచ్చు. చూసేవాడు ఫలానా చోట తేడా ఉందని చెప్పలేడు, కానీ ఆ అమ్మాయి నిజంగా పాడటం లేదని మాత్రం వాడికి తెలిసిపోతుంది. స్పీకరు ఎప్పుడూ పాడేవాళ్ళ దగ్గరే పెట్టండి.

డ్రమ్స్ గురించి ఒక మాట. నెమ్మదిగా కొడితే కెమెరాలో నెమ్మదిగానే కనిపిస్తుంది, భుజం కదలదు. అందుకని మా డ్రమ్మర్ నిజంగానే కొట్టాడు. అతను కొడితే ఇక పాట ఎవరికి వినిపిస్తుంది? చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, జుట్టు కప్పి తీశాం. గిటారు తీగ సంగతి కూడా. రెండో కొస ఎక్కడా గుచ్చకపోతే చూసేవాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. మేం ఇసకలో పాతిపెట్టాం.

ఇక ఎడిటింగు. మా పాట నిమిషానికి 100 బీట్లు. బీటుకి సరిగ్గా 15 ఫ్రేములు పడతాయి, కట్ చేయడానికి హాయిగా ఉంటుంది. అదే 120 అయితే బీటుకి పన్నెండున్నర ఫ్రేములు. అర ఫ్రేము దగ్గర కట్ చేయలేం కదా. కుదిరితే ముందే...

క్షమించండి. కాగితం ప్రకారం ఇప్పుడు కలర్ గురించి చెప్పాలి. అది మీకు మాస్టార్లు నాకంటే బాగా చెబుతారు. నేను ఈ మైకు దగ్గరికి రావడానికి ఒప్పుకున్నది వేరే విషయం కోసం. కాగితం పక్కన పెడుతున్నాను.

మా గాయని ఈ పాట మొదట రాసుకొచ్చినప్పుడు పల్లవి ఇలా ఉంది:

‘సెప్పకుండ ఎల్లిపోతే ఏటనుకోను నాను’

గిటారు కూడా లేకుండా, హాస్టల్ మెట్ల మీద కూర్చుని పాడింది. బాగుందన్నాం అందరం. తర్వాత రికార్డింగు ముందు రోజు నేను అన్నాను, ‘పాట చాలా బాగుంది. కానీ భాష కొంచెం సరిచేద్దాం. రాక్ పాటలో ఈ యాస వింటే జనం నవ్వుతారు.’ ఇది అన్నది నేనే. ఇంకెవరో కాదు. మా ఇంట్లో మాట్లాడేదే పుస్తకాల్లో ఉండే తెలుగు అనుకుంటూ పెరిగినవాణ్ణి. నాకు యాస లేదనుకునేవాణ్ణి. యాస అనేది పక్క జిల్లాల వాళ్ళకి ఉండేది అనుకునేవాణ్ణి.

నవ్వుతారని నాకెందుకు అనిపించింది? చిన్నప్పట్నుంచి సినిమాల్లో ఆ యాస ఎవరి నోట విన్నాను? పనివాళ్ళ నోట, అమాయకుల నోట, కామెడీ కోసం పెట్టిన పాత్రల నోట. హీరో ప్రేమించేటప్పుడు వినలేదు. ఎవరైనా గుండె పగిలి ఏడ్చేటప్పుడు వినలేదు. మీరు విన్నారా? ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. నేను ఆగుతాను.

తను ఒక్కటే మాట అడిగింది. ‘వంగపండు గారు “ఏం పిల్లడో ఎల్దమొస్తవ” అంటే రాష్ట్రమంతా పాడింది కదా. ఎవరైనా దాన్ని వెళ్దాం వస్తావా అని దిద్దారా?’ నేను దానికి, అది జానపదం, ఇది రాక్ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. వంగపండు ప్రసాదరావు గారు పుట్టింది ఈ ఉత్తరాంధ్రలోనే. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. మొన్ననే ఇదే వేదిక మీద ఆయన ఫొటోకి దండ వేశాం, మీరూ చూశారు. గురజాడ విజయనగరంలో కూర్చుని మనుషులు ఎలా మాట్లాడతారో అలాగే రాసి, 1892లో కన్యాశుల్కం ఆడించారు. మరి మేం? ఆ నేల మీదే, ఆ నేల అమ్మాయి చేతే, భాష మార్పించి పాడించాం.

తను మాట్లాడలేదు. మార్చి రాసింది. ‘చెప్పకుండా వెళ్ళిపోతే ఏమనుకోను నేను.’ అలాగే రికార్డు చేశాం. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు. శుభ్రంగా ఉంది.

ఇప్పుడు భీమిలి దగ్గరికి రండి. రెండో రోజు తెల్లవారుజాము. జనవరి నెల, చలిగాలి. గాయని నాలుగున్నర నుంచి తడి బట్టల్లో ఉంది. నీళ్ళలో నిలబడి పల్లవి పాడే క్లోజప్ షాటు. పది టేకులు అయ్యాయి. పెదాలు బాగా కలుస్తున్నాయి కానీ ముఖంలో ఏమీ లేదు, పాఠం అప్పజెప్పినట్టుంది. సూర్యుడు వచ్చేశాడు, ఇంకో ఐదు నిమిషాల్లో వెలుగు తెల్లబడిపోతుంది. పదకొండో టేకు. ఒక కెరటం కాస్త పెద్దది వచ్చి నడుముకి తగిలింది. తను తూలింది, నిలదొక్కుకుంది, కట్ చెప్పేలోపే పాడటం మొదలుపెట్టింది. ఈసారి ముఖం వేరు. గొంతు మాకు వినబడటం లేదు, స్పీకరు మోతా కెరటాల మోతా. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. టేకు అయ్యాక ఎవ్వరం మాట్లాడలేదు. డ్రమ్మర్ వెళ్ళి తువ్వాలు కప్పాడు.

అదే మా వీడియోకి ప్రాణం అని అక్కడే తెలిసింది.

ఎడిటింగులో కూర్చున్నాను. పదకొండో టేకు పెట్టాను. కలవడం లేదు. దూరం వల్ల వచ్చే తేడా ఉందని తెలుసు కాబట్టి రెండు ఫ్రేములు జరిపాను. చాలావరకు కలిసింది, కానీ రెండు చోట్ల ఏదో ఎబ్బెట్టుగా ఉంది. మూడు జరిపాను. ఒకటి జరిపాను. మిగతాదంతా చెడిపోతోంది, ఆ రెండు చోట్లు మాత్రం బాగుపడటం లేదు. మూడు రాత్రులు అదే పని. కంప్యూటర్ తప్పేమో అనుకున్నాను, ఫైలు తప్పేమో అనుకున్నాను.

నాలుగో రాత్రి రెండు గంటలకి విసుగొచ్చి సౌండు తీసేశాను. పాట లేకుండా తన పెదాలు మాత్రమే చూశాను, ఒక్కొక్క ఫ్రేము ముందుకి నొక్కుతూ.

మీరు చిన్నప్పుడు చదువుకునే ఉంటారు. ప, ఫ, బ, భ, మ. ఓష్ఠ్యాలు. పెదవులు రెండూ కలిస్తేనే పలుకుతాయి. వ దంతోష్ఠ్యం, పై పళ్ళకి కింది పెదవి తగలాలి. అసలు పెదవి తగలని అక్షరాలతోనే కావ్యాలు రాసిన కవులు ఉన్నారు మన భాషలో, నిరోష్ఠ్యాలని. డబ్బింగ్ సినిమాలకి మాటలు రాసేవాళ్ళు ముందు చూసేది ఇదే, తెర మీద పెదాలు ఎక్కడ మూసుకుంటున్నాయో. ఇప్పుడు మీరంతా మీలో మీరు ‘ఏమనుకోను’ అనండి. అనండి, పర్వాలేదు. మ దగ్గర పెదాలు కలిశాయా? ఇప్పుడు ‘ఏటనుకోను’ అనండి.

కలవలేదు కదా.

పదకొండో టేకులో తన పెదాలు కలవలేదు. ‘వెళ్ళిపోతే’ దగ్గర పళ్ళకి పెదవి తగల్లేదు. చెవుల్లో ‘వెళ్ళిపోతే ఏమనుకోను’ అని తన గొంతే మోగుతుంటే, తన నోరు ‘ఎల్లిపోతే ఏటనుకోను’ అని పాడింది. చలిలో, అలసటలో, కెరటం కొట్టిన ఆ క్షణంలో మేం నేర్పిన మాట జారిపోయి తన మాట బయటికి వచ్చింది. ఆ పది టేకుల్లో ముఖం ఎందుకు బిగుసుకుపోయిందో, పదకొండోదాంట్లో ఎందుకు విప్పారిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరో వంతు కూడా లేదు, ఆ కాస్త సేపు తెరిచి ఉన్న పెదాలు నా కంప్యూటర్ మీద అలా ఆగి ఉన్నాయి. నేను చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.

పొద్దున్నే ఫోన్ చేశాను. ‘నువ్వు పదకొండో టేకులో ఎలా పాడావో తెలుసా’ అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘తప్పు పాడేసినానా’ అంది. మూడేళ్ళలో నాతో ఆ యాసలో మాట్లాడటం అదే మొదటిసారి. మొదటి సంవత్సరంలో, హాస్టల్‌లో చేరిన వారానికే, తను ‘ఏటి’ అన్నప్పుడల్లా ఎవరో ఒకరు ‘ఏటి, ఏటి’ అని వెక్కిరించేవాళ్ళట. ఆ వారంలోనే ఆ మాట మానేసిందట. ఇంటికి ఫోన్ చేయాలంటే మేడ మీదకి వెళ్ళేదట, ఎవరూ వినకూడదని. నాకు ఇవేవీ తెలియవు. వెక్కిరించినవాళ్ళలో నేను లేను, కానీ పక్కన నవ్వినవాళ్ళలో ఉన్నానేమో. గుర్తులేదు. గుర్తులేకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

ఇప్పుడు ఏం చేయాలి? రెండు దారులు. పెదాలు కలిసిన ఏడో టేకో ఎనిమిదో టేకో వాడుకోవచ్చు. ఎవరికీ తెలియదు. లేదంటే బొమ్మకి తగ్గట్టు పాట మార్చాలి. మ్యూజిక్ వీడియోలో అలా ఎవరూ చేయరు, పాటకి తగ్గట్టే బొమ్మ ఉండాలి. మేం రెండోదే చేశాం. మళ్ళీ బొంతలు కట్టాం. ఫ్యాను శబ్దం వస్తుందని ఆపేశాం. గాయని ల్యాప్‌టాప్‌లో తన పెదాలనే చూస్తూ, సినిమాలకి డబ్బింగ్ చెప్పేవాళ్ళలాగా, తన మాటనే మళ్ళీ తన నోటికి కలిపింది. పల్లవి మాత్రమే అనుకున్నాం. అయ్యాక తను హెడ్‌ఫోన్ తీయలేదు. ‘చరణాలు కూడా పాడేదా’ అని అడిగింది. పాట మొత్తం మళ్ళీ పాడింది.

అంటే ఏమైందో ఊహించండి. తెలిసి తెలిసి ‘సరైన’ తెలుగులో పెదాలు కలిపిన షాట్లన్నీ పనికిరాకుండా పోయాయి. చేపల రేవులో ఆటో షాటు, ఇరవై రెండు సెకన్లు అన్నానే, అది పోయింది. ఆటోకి, పెట్రోలుకి ఇచ్చిన డబ్బు పోయింది. పెదాలు కనిపించే క్లోజప్‌లు సగం పోయాయి. మళ్ళీ షూటింగుకి డబ్బు లేదు, అప్పటికే పరీక్షలు. ఖాళీల్లో డ్రమ్మర్‌నీ, గిటారు తీగల మీద వేళ్ళనీ, తన వీపునీ, నీళ్ళలో పాదాలనీ పెట్టుకున్నాం. వల బాగు చేసుకుంటున్న ఆ పెద్దాయన చేతులు, ఆయన్ని అడిగే తీసినవి, అవి రెండు చోట్ల వాడాం. ఇప్పుడు చూస్తుంటే ఆటో షాటు లేని లోటు నాకు తెలియడం లేదు.

ప్రాజెక్టు చూసి మార్కులు వేసినవాళ్ళలో ఒకరు ‘సాంకేతికంగా బాగుంది, భాష శుభ్రంగా లేదు’ అని రాశారు. ఎవరో చెప్పను. ఆ కాగితం నా దగ్గరుంది. మార్కులు తగ్గినందుకు నేను ఇక్కడ నిలబడలేదు, అది నమ్మండి. శుభ్రం అనే మాట ఉందే, దాని కోసం నిలబడ్డాను. ఒక అమ్మాయి తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మాట మురికి ఎలా అవుతుంది? మీరు రేపు కెమెరా పట్టుకుంటారు. ఎవరో ఒకరి ముందు పట్టుకుంటారు. అనంతపురం వాళ్ళుంటారు, పాలమూరు వాళ్ళుంటారు, ఆదిలాబాద్ వాళ్ళుంటారు, మీ ఊరివాళ్ళే ఉంటారు. వాళ్ళు నోరు తెరవగానే ‘కొంచెం సరిచేద్దాం’ అనాలనిపిస్తుంది. నాకు అనిపించింది కాబట్టి చెబుతున్నాను. ఆ మాట మీ నోటి దాకా వచ్చినప్పుడు దయచేసి ఆగండి. ఒక టేకు వాళ్ళ మాటలో తీసి చూడండి. ఒక్క టేకు. మెమొరీ కార్డులో చోటు ఉంటుంది.

మీలో కూడా ఊరి మాట హాస్టల్ గేటు బయట వదిలేసి వచ్చినవాళ్ళు ఉంటారు. చేతులెత్తక్కర్లేదు. ఫోన్ మాట్లాడటానికి మేడ మీదకి వెళ్ళకండి, అంతే. మీ గదిలోనే మాట్లాడండి. ఎవరైనా నవ్వితే మా దగ్గరికి రండి, చివరి సంవత్సరం వాళ్ళం వరండా పక్క గదిలో ఉంటాం.

వీడియో పూర్తయ్యాక గాయని సెలవులకి ఊరెళ్ళి వాళ్ళ అమ్మమ్మకి ఫోన్లో చూపించింది. ఆవిడకి గిటారు హోరు కొత్త. మొత్తం చూసి, ‘ఆ డప్పుల మోతలో కూడా నీ మాట ఇనబడిందే’ అందట. తర్వాత ఇంకోసారి పెట్టమందట.

టైము అయిపోయిందని మేడమ్ సైగ చేస్తున్నారు. కలర్ గురించి చెప్పలేదు, క్షమించాలి మేడమ్. వీడియో మొత్తం చూపించడానికి టైము లేదు కాబట్టి ఒక్క షాటు చూపిస్తాను. అన్నా, లైట్లు తీసేయండి. 1 నిమిషం 48 సెకన్ల దగ్గర పెట్టండి. ముందు సౌండు లేకుండా వేయండి, తర్వాత సౌండుతో. వెనక కూర్చున్నవాళ్ళు కొంచెం ముందుకి రండి, తన పెదాలు కనబడాలి.